మా నదిలో లేని చేప

పోస్టరులో చేప నిగనిగలాడుతోంది.
గులాబీ పొట్ట, వెండి మొప్పలు,
ఏ చలిసముద్రానిదో.
"మా మెకాంగులో ఇది లేదే" అన్నాడు లుంగ్ సింఖాం,
"అయితే జబ్బూ మాది కాదన్నమాట."
విహారం వసారాలో కూర్చున్న నలభై మందీ
ఒక్కసారి నవ్వారు.

దుబాసీని నేను.
డాక్టర్ ఓక్ గ్యోంగ్రాన్ నా మొహంలోకి చూస్తోంది, ఏమన్నారని.
అన్సాన్ ఫ్యాక్టరీలో నేర్చిన నా కొరియన్‌లో
తిట్లకు మాటలున్నాయి గానీ
కాలేయానికి లేదు, ఈ నవ్వుకూ లేదు.
"చేప తప్పు" అన్నాను.

మూడేళ్ల ఒప్పందం, రెండు మంత్రిత్వ శాఖల ముద్రలు,
ఆరు పెట్టెల కరపత్రాలు,
విమానాలెక్కి, లారీలెక్కి, పడవెక్కి వచ్చి
ఒక చేప దగ్గర ఆగిపోయాయి.

ఆవిడ కోప్పడలేదు.
పోస్టరు తిరగేసి, పెన్ను చాచింది:
"మీ చేపని మీరే గీయండి."
పెన్ను చేతులు మారింది.
ఒకడు తోక చీల్చాడు, ఒకతె పొలుసులు దిద్దింది,
పిల్లలు మీసాలు పెడితే పెద్దవాళ్లు కొట్టేశారు.
చివరికి వచ్చింది వేలెడంత చేప,
వరికాలవలో మోకాటి లోతున దొరికేది,
పచ్చిగా తరిగి తినేది.

అప్పుడు మొదలైంది అసలు బేరం.
నిమ్మకాయ పిండుతాం కదా, పురుగు చావదా?
మిరపకాయలు పది దంచుతాం కదా?
పైన గుక్కెడు బియ్యపు సారా?
సింఖాం అందరికన్నా తెలివిగా అడిగాడు:
"ఏటా బిళ్ల ఇస్తున్నారుగా.
తింటాం, మింగుతాం, మళ్లీ తింటాం. తప్పేముంది?"
నాకు జవాబు తట్టలేదు.
అనువదించాక చూస్తే
ఆవిడకూ తట్టలేదు.

ఉన్నట్టుండి తన బడి సంగతి ఎత్తుకుంది.
ఏడేళ్లప్పుడు, మంచులో, చేతిలో ఒక చిన్న కవరు,
పైన పేరు, తరగతి,
లోపల...
నేను మర్యాదైన మాట కోసం తడుముకుంటుంటే
మే తావ్ ఖంఫుయ్ వెనకనుంచి అరిచింది:
"పియ్యి అనవే పిల్లా! అందరికీ ఉన్నదేగా."

దేశంలో ప్రతి పిల్లా ఆ కవరు మోసిందట.
మరిచిపోయి కుక్కది పట్టుకొచ్చినవాడికి
కుక్క మందే పడిందట.
ఈసారి నవ్వుని అనువదించే పని పడలేదు.
"ఆ సూక్ష్మదర్శినులు మావి కావు" అంది ఓక్,
"పక్క దేశం ఇచ్చింది.
ఆ దేశం మీద మా అమ్మమ్మ కోపం చచ్చేదాకా చల్లారలేదు.
అయినా దాంట్లోకి చూడాలంటే
ఒక కన్ను మూసుకోవాలి కదా."

ఖంఫుయ్ లేచి వచ్చి ఒక కన్ను మూసుకుంది.
గాజు కింద ఒక గుడ్డు,
కూజా ఆకారం.
"మూత కూడా ఉందే" అంది, మెచ్చుకుంటున్నట్టు.
కన్ను తీయలేదు చాలాసేపు.
"మా ఆయన కళ్లు పచ్చబడి పోయాడు.
చేప నేనే తరిగేదాన్ని.
నిమ్మకాయ బాగా పిండేదాన్ని."

ఇది నేను అనువదించలేదు.
ఓక్ అడగలేదు.

మర్నాడు ఖంఫుయ్ అవే చేపల్ని ఉడకబెట్టి,
వేయించిన బియ్యప్పొడి, పుదీనా, మిరపకాయ వేసి కలిపింది.
కుర్రాళ్లు మొహం చిట్లించారు, రుచి పోయిందని.
"రుచి నా చేతిలో ఉందా,
పురుగులో ఉందా?" అంది.
గిన్నె ఖాళీ అయింది, గొణుగుడు మిగిలింది.

వచ్చే నెల నది కిందికి, ఖ్మేర్ మాట్లాడే ఊళ్లకి.
అక్కడ దుబాసీ వేరు, చేపా వేరే.
కొత్త పోస్టర్ల గురించి సియోల్‌కి ఓక్ ఒకే వాక్యం రాసింది:
చేప ఉండాల్సిన చోటు ఖాళీగా వదలండి.
ఖంఫుయ్ మాతో వస్తానంటోంది,
రోలు కూడా తెస్తుందట.

రాత్రి సింఖాం పడవలో చిన్న మంట కనిపించింది.
చేప కాలుస్తున్నాడో
చుట్ట కాలుస్తున్నాడో.