లావు తీగ

డాక్టరు గ్రాఫు కాయితం నా వైపు తిప్పాడు.
గీత ఎడమపక్క తిన్నగా నడిచి
కుడికొచ్చేసరికి కొండ మీంచి జారినట్టు పడిపోయింది.
"పిట్టలు, ఈలలు, ఫోను మోతలు, ఇవింక కష్టం.
కింది శబ్దాలు బాగానే ఉన్నాయి."
ఇరవై రెండేళ్లు షిప్‌యార్డులో
ఓడల ఇనుము సానబట్టినవాడికి
మిగిలింది కిందిదే.

సరే, కిందికే పోదాం అనుకున్నాను.

డాబాగార్డెన్స్‌లో మేడ మీద కొట్టు.
జేబులో సొసైటీ లోను డబ్బు, మెట్లెక్కుతుంటే
మోకాళ్లు రెండూ వద్దంటూనే వచ్చాయి.
కొట్టు కుర్రాడు సీమోను గోడ మీంచి దించాడు.
"ఎవరికి సార్, బాబుకా?"
"నాకే."
వాడు నవ్వలేదు. అందుకే వాడి దగ్గరే కొన్నాను.

పాతబెల్లం రంగు.
భుజాన తగిలించుకుంటే
ఎన్నాళ్లకో ఒక బరువుని ఆ భుజం ఇష్టంగా మోసింది.
లావు తీగ ఒక్కసారి లాగాను.
చెవి ఏమీ అనలేదు.
బెల్టు బకిలు అంది, కడుపు అంది,
కాళ్ల కింద చెక్క నేల అంది.
అప్పుడు చెవి, ఆలస్యంగా, అవునవును అంది.
పదిహేడు వేల ఆరువందలు.
బేరమాడ్డం మరిచిపోయాను.

సింధియా బస్సులో కండక్టరమ్మ
నల్ల సంచిని పైనుంచి కిందిదాకా చూసి
"ఏటి బాబూ ఇది? మడిసంత ఉంది. దీనికీ టికెట్టే" అంది.
కొట్టమన్నాను.
ఆ టికెట్టు ఇప్పటికీ పర్సులో ఉంది.
కాన్వెంట్ జంక్షన్ దగ్గర బస్సు ఆగిపోతే
బొగ్గు దుమ్ము పడకుండా
జిప్పు మీద నా క్యారేజీ తువ్వాలు కప్పాను.

ఇంట్లో మా అత్త తీగలు లెక్కపెట్టింది.
రెండుసార్లు.
"ఎదురింటి గుంటడి దానికి ఆరున్నాయి కదేటి?
రెండు తక్కువోటికి ఇంత డబ్బెట్టీసినావా?"
నూకరత్నం నన్ను చూసింది, దాన్ని చూసింది,
బియ్యం డబ్బా జరిపి గోడవార చోటు చేసింది.

స్పీకరుకి డబ్బు మిగల్లేదు.
రాత్రి అందరూ పడుకున్నాక
దవడ ఆనించాను చెక్కకి.
ఎముక గుండా వచ్చింది శబ్దం,
వీధి తలుపు మూసేశారని
పెరటి దోవన వచ్చిన చుట్టంలా.
పంటికి వేయించిన తొడుగు కూడా వణికింది.

ఇంతలో పక్కింటి నీళ్ల మోటారు.
రోజూ తిట్టుకునే మోత.
వేలితో వెతికాను: ఒకటో మెట్టు, రెండు,
దొరికింది! లావు తీగ, మూడో మెట్టు.
మోటారు వెంట్రుకవాసి పైన,
నేను వెంట్రుకవాసి కింద,
మధ్యలో గాలి ఊగింది
జెట్టీలో కట్టేసిన మరపడవలా.

ట్యాంకు నిండి పొర్లేదాకా వాయించాం, ఇద్దరం.
ఎవరో లేచి అరిచారు, బహుశా నీళ్ల గురించి.
సన్నటి గొంతు. నాకు వినబళ్లేదు.

పొద్దున్న ఆరింటికి షిఫ్టు.
చూపుడువేలి కొసన బొబ్బ లేస్తోంది,
ఇన్నేళ్ల గ్రైండరు
ఒక్కసారీ తాకని చోట.