నలభై మూడో ముక్క

మిష్కోల్ట్స్‌లో డిసెంబరు.
ప్రయోగశాల కిటికీ మీద మంచు పువ్వులు.
ఎనిమిది వందల యాభై దగ్గర
పండిన చెర్రీ రంగుకు తిరిగిన కడ్డీని
నూనెలోకి దించుతాను.
దాని గుండెలో వెంట్రుకంత తీగ,
తెర మీద గీత.

ముందు ఏమీ జరగదు.
తన చుట్టూ లేచిన ఆవిరే తనకు దుప్పటి,
నూనె ఉక్కును తాకనే తాకదు.
గీత బద్ధకంగా వాలుతుంది.
ఉన్నట్టుండి దుప్పటి చిరుగుతుంది.
బుడగలు, బుసలు,
గీత కొండచరియలా కూలుతుంది.
ఆపైన మళ్ళీ నిదానం. పొగ. జిడ్డు వాసన.

రెండేళ్ళుగా ఇదే చూస్తున్నాను,
నీళ్ళలో, ఉప్పునీళ్ళలో, నూనెలో,
పాలిమరు కలిపిన జిగట నీళ్ళలో.
దుప్పటి ముందు ఎక్కడ చిరుగుతుంది,
పంకా ఎంత జోరుగా తిరగాలి.
నా పట్టికలో సెకనుకు వంద గళ్ళు.

తొట్లు కడగడానికి వెండెల్ బాచి వస్తాడు.
మూతబడ్డ కార్ఖానాలో ముప్పై ఒక్కేళ్ళు
ఇరుసులకు పదను పెట్టినవాడు.
ఎడమ చెవి ఆ కూతల్లోనే పోయింది.
కుడి చెవి తొట్టికేసి వంచి
"ఇప్పుడు" అంటాడు,
గీత విరగడానికి రెప్పపాటు ముందు.
ప్రతిసారీ కాదు. పదిలో ఏడుసార్లు.
లెక్క రాసుకున్నాను, ఆయనకు చెప్పలేదు.

నలభై మూడోది
నా గీతలన్నిట్లోకీ అందమైన గీత.
బీట లేదు, వంకర లేదు.
శుక్రవారం, ఆఖరి ట్రాము వేళ,
బల్ల మీద పెట్టి ఇంటికెళ్ళాను.

సోమవారం పొద్దున అది రెండు ముక్కలు.
ఎవరూ తాకలేదు.
విరిగిన ముఖం పంచదార పలుకుల్లా మెరుస్తోంది.
కాగితాలన్నీ తిరగేశాను,
నూనెలో తేమ, పంకా వేగం, కార్బన్ శాతం.

వెండెల్ బాచి పగులు మీద బొటనవేలు రాసి
"మళ్ళీ పొయ్యిలో ఎప్పుడు పెట్టావు?" అన్నాడు.
ఇవాళ పెడదామనుకున్నాను.
ఆయన నవ్వలేదు.
"చెయ్యి ఓర్చుకునేంత వెచ్చగా ఉండగానే
తీసుకెళ్ళి పడుకోబెట్టాలి, రెండొందల దగ్గర.
తమ్ముడి పెళ్ళి నాడు కూడా
నేను ఆగే వెళ్ళాను."

నా గీత ఇరవై ఐదు డిగ్రీల దగ్గర ఆగిపోతుంది.
చల్లారిందంటే అయిపోయిందనే అనుకున్నాను.
బిగుసుకున్నది బిగుసుకున్నట్టే
రెండు రాత్రులు లోపల్లోపల పెనుగులాడుతుంటే
కొలిచే తీగ అప్పటికే పీకేశాను.

నలభై నాలుగు.
రాత్రి పదకొండున్నర. ట్రాము పోయింది.
వెండెల్ బాచి అరచెయ్యి కడ్డీ మీద ఆనించి
ఒకటి, రెండు, మూడు,
నాలుగు దగ్గర చటుక్కున తీసేశాడు.
"ఇంకా కాదు."

పట్టిక చివర కొత్త గడి గీశాను.
పైన ఏం రాయాలో తోచక
"చెయ్యి" అని రాశాను.