మూడో మనిషి

జాబ్రియాలో మా ల్యాబుకి కిటికీ లేదు.
బయట తూజు లేచిందని
మారిసెల్ కనుబొమల మీది ఇసుక చూసి తెలుసుకోవాలి.

ట్యూబుల మీద నంబర్లే ఉంటాయి.
అయినా రక్తం తీసింది నేనే కనుక తెలుసు:
2214 హౌస్ డ్రైవరు ఓబులేసు,
2215 వాళ్ళక్క సుబ్బనరసమ్మ, జహ్రాలో ఎవరింట్లోనో వంటపని.
మోచెయ్యి చాపి అడిగింది:
"వానిది నాది ఒగే రగతం గదా పాపా, ఇంగ పరీచ్చ యాల?"
కణాలు కూడా ఒప్పుకోవాలి కదమ్మా, అన్నాను.
ఆమె సూదికేసి చూడలేదు. నా మెళ్ళో కార్డుకేసి చూసింది.

రక్తాన్ని గిరగిరా తిప్పితే నడుమ సన్నటి పొర తేలుతుంది
పాల మీద మొదటి మీగడంత.
ఊపిరి బిగబట్టి దాన్ని లాగుతాను.
అక్క కణాలకి రేడియేషన్ పెడతాను,
ఇక చీలలేవు, కనిపించడం ఒక్కటే వాటి పని.
తమ్ముడి కణాలకి పచ్చరంగు పట్టిస్తాను,
చీలిన ప్రతిసారీ ఆ వెలుగు సగమవుతుంది.
శనగగింజ పట్టే గుంటల్లో ఇద్దర్నీ కలిపి
ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఆరు రోజులు.
టి కణాలు తాకి తాకి చూస్తాయి,
ఫిఫ్త్ రింగ్ రోడ్డు మీద బండాపి
"వేన్ బతాకా?" అన్నట్టే.

పోల్చి చూడ్డానికి ఒక పరాయి రక్తం కావాలి ప్రతిసారీ.
అది నాది.
ఏడేళ్ళుగా నాదే, నరం తొందరగా దొరుకుతుందని.
కువైటీ పిల్లాడివైనా, ఈజిప్టు మేస్త్రీవైనా
నన్ను చూడగానే ఎగబడేవి.
తెర మీద మెట్లు మెట్లుగా దిగే పచ్చటి శిఖరాలు.
బాగా కాదన్నాయి, కంట్రోల్ పాసు, అని
టిక్కు పెట్టి టీ తాగేదాన్ని.

ఆరో రోజు
అక్క గుంటలో మెట్లే మెట్లు, అయిదో ఆరో.
నా గుంటలో
ఒక్కటే శిఖరం, నిటారుగా.
మందు వేసిన గుంటలో చీలాయి, కనుక బతికే ఉన్నాయి.
నన్ను చూశాయి.
ఊరుకున్నాయి.

నాది ఇచ్ఛాపురం. వాళ్ళది చిట్వేలి.
వాళ్ళ యాస సగం నాకు అందదు.
ఏ ముత్తవ్వ ఏ బండెక్కి ఎటు పోయిందో
రాసిపెట్టిన వాళ్ళెవరూ లేరు.

డాక్టర్ హెస్సా కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.
"కంట్రోల్ ఫెయిల్. వేరే వాళ్ళ రక్తంతో మళ్ళీ చెయ్."
మారిసెల్ అప్పటికే చెయ్యి చాపింది.
పాత ప్లేటు ఎర్ర సంచిలో వెయ్యాలి.
వేశాను. మూతి కట్టడానికి కాసేపు పట్టింది.

సాయంత్రం బస్సులో ఉండగా ఫోను.
"కలిసెనా పాపా?"
ఇంకో ఆరు రోజులమ్మా.
"ఆరు దినాలా" అంది, వెనక కుక్కర్ కూత,
ఎవరో అరబ్బీలో ఆమెను కేకేశారు.

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే
ఎడమ చెయ్యి నడుము మీద ఉంది,
వెనక, పక్కటెముకల కింద.
ఎప్పట్నుంచి ఉందో.