వినికిడి పరీక్ష

రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి ఆరు.
అన్నం అయిందని పాట పాడే కుక్కర్ నోటికి తువ్వాలు అడ్డం పెట్టి,
హ్నిన్ నిద్ర చెడకుండా
వంటగది బల్ల మీద పుస్తకం తెరుస్తాను.
ఐదు మెట్లలో మధ్యది, ఎన్ త్రీ.
కింద నిలబడితే మేడ, పైనుంచి చూస్తే గుంట.
ఇంకా పందొమ్మిది రోజులు.
పాసైతే నెలకు ఐదువేల యెన్‌లు ఎక్కువన్నారు ఆఫీసులో.
ఆ వాక్యం మాత్రం మొదటిసారికే అర్థమైంది.

ఇవాళ్టి పాఠం తొకొరో.
తొకొరో అంటే చోటు.
క్రియ పక్కన నిలబడితే చాలు, చోటు కాస్తా కాలమైపోతుంది.
తినబోయే చోటు. తింటున్న చోటు. తిన్న చోటు.
నడిమి చోటు దగ్గరే నాకు ఎప్పుడూ కాలు జారుతుంది.

పోయిన వారం రిజిస్టర్లో రాశాను:
"ససమోరి గారు గంజి మొత్తం తినేశారు."
హెడ్ నర్సు ఎర్ర గీత గీసింది.
"తిన్నారు అని రాయి, యసింతా.
తినేశారు అంటే, అయ్యో ఎందుకు తిన్నారు అన్నట్టుంది."
నాలుగు రోజులు చెంచా ముట్టని మనిషి
గిన్నె అడుగు గీకి మరీ తింటే
ఒక్క క్రియ మోయలేదనిపించి
ఇంకోటి సాయం పంపాను, అంతే.
తప్పేనని తల వంచాను. ఇక్కడ అదీ వ్యాకరణమే.

ససమోరి తొసె గారికి తొంభై ఒకటి.
సగం ఆయుష్షు యాపిల్ తోటల్లో నిచ్చెన మీదే గడిచింది.
ఆమె మాట నా పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.
ఈ త్సుగరు చలికి నోరు ఎక్కువసేపు తెరవలేక
మాటల్ని కొరికి కొరికి పొట్టి చేసుకున్నారట.
"దొ స?" అంటుంది. ఎక్కడికీ?
"యు స," అంటాను. స్నానానికి.
అయిపోయింది.
మా మౌమెరెలో ఐతే ఈపాటికి
ఒకరి మేనత్త మోకాళ్ల నొప్పుల దాకా వెళ్లుండేవాళ్లం.

ఇయర్‌ఫోన్లలో మాత్రం టోక్యో గొంతులు, ఇస్త్రీ మడత నలగనివి.
ముందు ప్రశ్న, తర్వాత సంభాషణ, మళ్లీ ప్రశ్న.
*ఆ స్త్రీ ఇప్పుడు ముందుగా ఏం చేయాలి?*
ఎప్పుడూ ఎవరో ఒక స్త్రీ, ఎప్పుడూ ఆమెకు పనే.
కాగితాలు నకలు తీయాలి, కాదు కాదు, గది బుక్ చేయాలి,
ఆగాగు, మేనేజరుకు ఫోన్ చేయాలి.
'అన్నట్టు' అనే మాట దగ్గర చెవులు రిక్కించమంది హ్నిన్,
కొంపలన్నీ మునిగేది అక్కడేనట.
తను రెండుసార్లు మునిగింది.

ఆదివారం. కోటు, బూట్లు, మూడు పెన్సిళ్లు, రబ్బరు.
రైలుకు ఇంకా టైముంది కదా అని
ఆమె గదిలోకి తొంగిచూశాను.
"దొ స?"
"షికెన్ స." పరీక్షకు.
"జికెన్?"
జికెన్ అంటే పోలీసులు వచ్చేలాంటి సంగతి.
"ఎవర్నేం చేశావే పిల్లా?"
మంచం మీద మోచేయి ఊని లేచింది.
కళ్లలో భయం లేదు, మొత్తం ఆసక్తే.
చూస్తే చెవి మిషన్లో బ్యాటరీ అయిపోయింది.
కొత్తది వేసి, చెవిలో పెట్టి, మళ్లీ చెప్పాను.
"ఓ, పరీక్షా..." అంది, ఉసూరుమంటూ.

మంచులో పడుతూ లేస్తూ పరుగు.
రైలు తలుపు నా కోటు అంచును నమిలి వదిలింది.

మధ్యాహ్నం, హాల్లో నూట అరవై పెన్సిళ్లు ఆగాయి.
స్పీకర్ గొంతు సవరించుకుంది.
*ఆ స్త్రీ ఇప్పుడు ముందుగా ఏం చేయాలి?*
బ్యాటరీ మార్చాలి, అనుకున్నాను.
నాలుగు జవాబుల్లో అది లేదు.
వెతుకుతూ ఉండగానే అక్కడ ఆమె, ఎవరో పాపం,
'అన్నట్టు' అనేసింది.
అంది కాదు.
అనేసింది.