మూల ఎంత ఇరుకైతే

హెణ్ణూరు మెయిన్ రోడ్డు, పెట్రోలు బంకు వెనక సందు,
రేకుల షెడ్డు.
పొద్దున ఎనిమిదిన్నరకి కంప్రెసర్ గొంతు సవరించుకుంటుంది.
ముల్లు తొంభై దగ్గరికొచ్చి నిలబడేదాకా
నేను టీ తాగుతాను.

కొత్తగా చేరిన ముబారక్‌కి మొదటి పాఠం నేనే చెప్పినా:
గాలి దుమ్మును చంపదురా,
చోటు మారుస్తుంది, అంతే.
డాష్‌బోర్డు మీదిది సీటు మీదికి,
సీటు మీదిది నీ ఊపిరితిత్తుల్లోకి.
అందుకే కుడిచేత తుపాకి, ఎడమచేత వాక్యూమ్ గొట్టం.
ఒక చెయ్యి లేపల్ల, ఇంకో చెయ్యి మింగల్ల.
స్క్రీను మీదికి పట్టగాకు.
మూతికి గుడ్డ కట్టు.
కట్టు అంటే కట్టల్ల.

తుపాకి అని మేం పిలుస్తాం గానీ
గరాటా మూతి, దాని లోపల సన్నటి గొట్టం, అంతే దాని ఒళ్లు.
మీట నొక్కితే ఆ గొట్టానికి పూనకం.
గిరగిరా తిరిగి గోడలకి తల బాదుకుంటుంది.
మూల ఎంత ఇరుకైతే దానికంత సంబరం.

మా శ్రీనివాసపురం తోటల్లో
మామిడి పూతకి మందు కొట్టిన చెయ్యి ఇది.
అక్కడ గాలి వాలు చూసుకొని నిలబడేవాణ్ణి.
ఇక్కడ వాలు లేదు, నేను ఎటు తిప్పితే అటే వాలు.
సాయంత్రానికి మాత్రం రెండు చోట్లా ఒకే దగ్గు.

సీటు పట్టాల సందులోంచి ఏమేమో ఎగిరొస్తాయి.
శనక్కాయ పొట్టు, సగం మాత్ర,
టోల్ రసీదులు, కరిగి గడ్డకట్టిన ఆకుపచ్చ క్రేయాన్.
ఒకసారి ఒక పాలపన్ను.
బియ్యపు గింజ అనుకొని ఊదబోయి ఆగినా.
ఓనరమ్మకి చూపిస్తే చాలాసేపు చూసి
"మాది కాదు, ఈ కారు మేం సెకండ్స్‌లో కొన్నాం" అనింది.
ఏ బిడ్డదో, ఏ మిద్దె మీదికి విసరాల్సిందో.
మధ్యాన్నం అన్నం తిని లేచి
మా షెడ్డు మీదికి విసిరినా.
ఠంగ్ మని, దొర్లి, నిలిచింది.
ముబారక్ నవ్వినాడు. నేనూ.

బేస్తవారం పసుపు బోర్డు కారు ఒకటి వచ్చింది.
కంతులు కట్టలేదని ఫైనాన్సు వాళ్లు పట్టుకొచ్చింది.
యార్డు సదానంద తలుపు మీద చెయ్యేసి
"ముందు మనిషి వాసన ఉండగూడదు" అన్నాడు,
ముందు మనిషి పేరు ఆయనకీ తెలీదు.
స్టీరింగు మీద రెండు చోట్ల తోలు నున్నగా అరిగిపోయింది,
రెండు అరచేతులంత మేర.
దాన్ని ఏ గాలీ ఏమీ చెయ్యలేదు.

ఏసీ రెక్కల్లో మూతి పెట్టి మీట నొక్కితే
బుస్సున బూడిద.
పొగ కాదు, మట్టి కాదు, తెల్లటి బూడిద.
రోజూ ఒక ఊదొత్తి ఆ రెక్కకే గుచ్చి
మొదటి సవారీకి బయల్దేరేవాడేమో.
ఎన్నేళ్లదో లెక్క తెలీదు గానీ
అన్ని పొద్దులూ ఒక్క ఊదుకి లేచి
నా నొసటి మీద కూర్చున్నాయి.
వాక్యూమ్ ఉండాల్సిన చెయ్యి
ఆ ఒక్కసారీ ఆలస్యమైంది.

తుడుచుకోలేదు.
భక్తి కాదు. చెయ్యి ఖాళీ లేదు.
తర్వాత ఖాళీ అయినప్పుడూ తుడుచుకోలేదు,
అదెందుకో మరి నాకూ తెలీదు.

సదానంద వచ్చి ముక్కు లోపలికి పెట్టి చూసి
"సూపర్, కొత్త బండి" అన్నాడు.
ఆ రెండు అరచేతుల్ని ఆయన చూళ్లేదు.

రాత్రి ఎనిమిదికి ఆఖరి పని ట్యాంకు కింద వాల్వు తిప్పడం.
తిప్పకపోతే లోపల తుప్పు, రేపు సీట్ల మీద చుక్కలు.
పొద్దుట్నుంచి కుక్కి కుక్కి పెట్టిన బెంగళూరు గాలి
చల్లబడి కార్చిన నీళ్లు,
కాఫీ రంగులో, ఒక లోటాడు.
ముబారక్ చెప్పుల్ని తడిపి కాలవ వైపు పోయినాయి.
"ఇంత నీళ్లు యాడ్నుంచి వచ్చెనన్నా?" అంటాడు వాడు.
పీల్చినదాంట్లో ఉన్నాయిరా అన్నాను,
షట్టరు దించుతా.