ఆఖరి సర్వీసింగు

కూసో సిస్టరూ, ఆ టైరు మీదనే కూసో,
కుర్చీకి మూడే కాళ్లున్నయి.
బండి ఇంక రెండు దినాలు నా తాన్నే ఉండాలె.
దేవరకొండల అందరు అడుగుతున్నరు,
పదకొండేండ్ల పల్సర్ విప్పి
గోనెసంచి మీద మామిడొరుగుల లెక్క ఎందుకు పరిసినవని.
ఇరాన్ పోతదట, ఆడికెల్లి అర్మేనియా పోతదట అన్న.
ముందుగాల మల్లేపల్లి దాటనియ్ అన్నడు
ఎరువుల దుకాణపాయన.

నిన్న నువ్వు డ్యూటీ దిగి తెల్లకోటుతోనే ఒచ్చి
చాసిస్ నంబరు మీద కాయిదం వెట్టి
పెన్సిలుతోటి రుద్దినవు సూడు,
పిల్లగాండ్లు రూపాయి బిళ్లను రుద్దినట్టు.
అంకెలు ఒక్కొక్కటే పైకి తేలినయి.
బండికి గూడ పాసుపోర్టు ఉంటదని అప్పుడెరుకైంది.
ముప్పై ఏండ్ల సంది గీ గ్రీజులనే ఉన్న.
నాకు లేదు. బండికొచ్చింది.

సరే, పని జూడు.
చెయినుకు నూనె పొద్దుగాల కాదు, మాపటికి పెట్టు,
ఏడి మీదనే పట్టుకుంటది.
కొత్త క్లచ్ వైరు పాతదాని పక్కపొంటే కట్టిన,
తెగితె గుంజేది లేదు, కొసలు మార్చుడే.
చీకట్ల మార్చాల్సొస్తది ఒకనాడు,
అందుకే నీ కండ్లకు రుమాలు గట్టిన.
నవ్వకు.
రెండోసారికి నాలుగు నిమిషాలల్ల చేసినవు.
నరం దొరకవట్టే చేతులు గదా.
పంచరు కాడనే అయితలేదు,
టైరు అంచుల ట్యూబును మల్ల గిల్లినవు.
ఇంకోపారి చెయ్యి, నేను చాయ్ చెప్త.

ఆడ కుడిదిక్కు నడుపుతరంటివి.
మొన్న మార్కెట్ యార్డుల
వడ్ల కుప్పల సుట్టు నిన్ను కుడిదిక్కే తిప్పిన.
హమాలీ జంగయ్య నెత్తి మీది మూట దించకుంట నిలవడ్డడు,
గీమెకు మతి తప్పిందా అని.
పదో సుట్టుల ఒక కుప్పకు గుద్దినవు.
ఇద్దరం గొంతుకూసోని వడ్లెత్తినం.
నీ ఎంటికలల్ల ఇంక ఒకటో రెండో ఉండచ్చు.

మా ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసుకుంట
దేశాలు తిరిగిండ్రు, నేను తిరిగితె వింతేంది అన్నవు.
మాట మంచిగుంది.
కని ఎద్దు ఆగితె గడ్డేస్తరు,
ఇది ఆగితె?
గందుకే ఈ డబ్బా.
ప్లగ్గులున్నయి, బ్రేకు ప్యాడ్లున్నయి, కట్టుతీగ ఉంది.
ఈ పన్నెండు-పదమూడు పానా మాత్రం నాది.
మా ఉస్తాదు చేతికెల్లి నా చేతికొచ్చింది.
మీద అంకెలు అరిగినయి గని నోరు అరగలే.
తీస్కపో.

నిజం జెప్పు, భయమైతుందా?
జవాబియ్యవు.
హెల్మెట్ అద్దం తుడుస్తున్నవు,
తుడిసిందే తుడుస్తున్నవు.
మంచిది.
భయం లేనోళ్ల బండ్లు నా తానకు ట్రాలీల ఒస్తయి.

పైసల సంగతి ఒచ్చినంక జూద్దాం.
ఒక్క ముచ్చట.
ఎయిర్ ఫిల్టరు వెయ్యి కిలోమీటర్లకోపారి దులుపుమన్న గద,
తిరిగొచ్చెటప్పుడు ఓడ ఎక్కేముందు దులపకు.
విప్పి సంచిల ముడెయ్యి,
డబ్బాల కొత్తదుంది, అది బిగించుకో.
పాతది నాకు తేవాలె.
మాపటికి దుకాణం మూసి
పేపరు పరుసుకోని నేనే దులుపుత.
మన దుమ్ము ఎర్రగుంటది, ఎరుకే,
దినాం మింగుతనే ఉన్న.
ఆడిది ఎట్లుంటదో సూడాలె,
నాలిక మీద ఏసుకుంటనేమో గూడ.

ఆ ట్యూబు గట్టిగ వట్టుకో.
గాలి పోతుంది, సప్పుడినవడతలేదా?
పైలం, ఈసారి అంచు గిల్లకు.