దయ్యం దగ్గు

ఆ సినిమా ఆదోనిలో మూడు ఆటలు ఆడింది.
నాలుగో ఆటకు జనం కుర్చీల రెక్సిన్ కోసేశారు.
కథ ఏందో తీసినోనికీ తెలీదని
దస్తగిరి ఇప్పటికీ అంటాడు.

నాపరాయి గనిలో ఒక తలుపు, చుట్టూ గోడ లేదు.
తెరిస్తే అవతల మళ్లీ అదే గని,
కాకపోతే అక్కడ రాళ్లు మేకల్లా అరుస్తుంటాయి.
ఒకామె తల దువ్వుకుంటే
దువ్వెనకు నీళ్లు చిక్కుకుంటాయి,
ఉండ చుట్టి చూరులో దోపుతుంది.
ఇంక, ముఖం లేని దయ్యం.

ఆ దయ్యం మా నాయన.

బేతంచెర్ల గనుల్లో మద్దిలేటి అంత పొడుగు మనిషి లేడు.
పిలిచి, ఒంటికి సున్నం పూసి
ముఖానికి గోనెపట్టా కుట్టారు.
రోజుకు పన్నెండు రూపాయలు, మధ్యాన్నం చిత్రాన్నం.
గనిలో కూలి ఏడు.
"మనిషి కంటే దయ్యమే మేలు మే"
అన్నాడంట మా అమ్మతో.

తర్వాత దస్తగిరి వీడియో పార్లరు.
కిటికీలకు దుప్పట్లు, టికెట్టు రూపాయిన్నర.
కాపీకి కాపీ, దానికింకో కాపీ,
చలిజ్వరమొచ్చినట్టు పచ్చగా వణికే బొమ్మ.
దయ్యం కంటే ముందు దాని ఊపిరి వచ్చేది.
గర్... గర్...
పిల్లలం బెంచీల కింద దూరేవాళ్లం.
నేనూ దూరాను.
ఇంట్లో రోజూ వినే చప్పుడే అని
అప్పుడు తట్టలేదు.

నలభై ఏళ్లకు డిస్కు వచ్చింది.
నల్ల డబ్బా, లోపల చిన్న పుస్తకం.
గీతలు తుడిచారు, రంగులు కడిగారు.
గోనెపట్టా పోగులు లెక్కపెట్టుకోవచ్చు,
దాని మీద తలకిందులైన
సిమెంటు కంపెనీ అచ్చుతో సహా.
రెండో డిస్కులో ఒకాయన
దయ్యం శ్వాస గురించే పద్దెనిమిది నిమిషాలు మాట్లాడతాడు.
కొలిమితిత్తి అంట, వెనక్కి తిప్పిన నక్క కూత అంట,
బావిలో వేలాడదీసిన మైకు అంట.
అద్భుతం అంటాడు. మూడుసార్లు అంటాడు.

పుస్తకం చివరి పేజీలో
దయ్యం: పేరు తెలియదు.

పద్నాలుగేళ్లు రాతిపొడి తాగిన ఊపిరి అది.
కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు
ఎక్సరేను కిటికీకి ఎత్తి చూపాడు.
నాయన రొమ్ములో
ఎవరో పిడికెళ్లతో ముగ్గు విసిరినట్టుంది.
ఆ సినిమాలో ఏ బొమ్మా అంత వింతగా లేదు.

నిన్న రాత్రి ఒక్కణ్ణే పెట్టుకున్నాను.
శబ్దం తగ్గించే పెట్టాను.
తలుపు ఇంకా తెరుచుకోలేదు.
గర్... గర్...

వసారాలో పడుకున్న అమ్మ లేచింది.
కళ్లు సరిగ్గా తెరవకుండానే
కడవ దగ్గరికి పోయి, చెంబు ముంచి
టీవీ ముందు నిలబడింది.
"లేసి కూసో. రోంత తాగు" అనింది.

గోనెపట్టా ముఖం ఆమె వైపే తిరిగి ఉంది.
చెంబు నుంచి నీళ్లు బండల మీద కారుతున్నాయి.
రిమోటు నా చేతిలోనే ఉంది.